పెళ్లి డీవీడీ ఆడడం లేదా? తొందరపడి పారేయకండి!

సంక్రాంతికి బంధువులంతా దిగారు. ఇంటి కోడలు బీరువాలోంచి తన పెళ్లి డీవీడీ తీసి టీవీ కింద ఉన్న ప్లేయర్‌లో పెట్టింది. డిస్కు కాసేపు గిరగిర తిరిగింది. తెర మీద "నో డిస్క్" అన్న అక్షరాలు తప్ప బొమ్మ రాలేదు. అదే డిస్కు పక్కింటి కుర్రాడి కంప్యూటర్‌లో పెడితే మాత్రం చక్కగా ఆడింది. ఇప్పుడు లేని తాతయ్య అందులో అక్షింతలు వేస్తూ కనిపించారు.

ఇలాంటి అనుభవం మన పల్లెల్లో చాలా ఇళ్లలో ఉన్నదే. ప్లేయర్‌లో పలకలేదు కదా అని డిస్కును చెత్తలో పడేసేవారూ ఉన్నారు. కంప్యూటర్‌లో ఆడిందంటే డిస్కులో బొమ్మ క్షేమంగా ఉన్నట్లే. లోపం దాన్ని రాసిన తీరులో ఉండవచ్చు, లేదా ప్లేయర్‌లో ఉండవచ్చు.

ముందు ఈ పరీక్ష చేయండి

కొట్లో కొన్న సినిమా డీవీడీ ఒకటి ప్లేయర్‌లో పెట్టి చూడండి. అదీ ఆడకపోతే తప్పు ప్లేయర్‌దే. లోపలి కటకానికి దుమ్ము పట్టి ఉండవచ్చు. మెకానిక్‌కు చూపించాలి. సినిమా ఆడి పెళ్లి డిస్కు మాత్రమే ఆడకపోతే డిస్కు సంగతి చూడాలి.

డిస్కును మెత్తటి పొడిగుడ్డతో మధ్య నుంచి అంచుకు తిన్నగా తుడవాలి. గుండ్రంగా తిప్పుతూ తుడవరాదు. పైన కాగితం అంటిస్తే బరువు ఒక పక్కకు ఒరిగి డిస్కు సరిగా తిరగదు. అలాగని అంటించిన కాగితాన్ని పీకితే పొర లేచిపోయే ప్రమాదం ఉంది. పేరు రాయాలంటే డిస్కులకు వాడే మార్కరు పెన్నే వాడాలి.

రాసిన తీరులో లోపాలు

సినిమా డిస్కు ఫ్యాక్టరీలో అచ్చు పోసినది. మన డిస్కు అలా కాదు. అందులోని రంగు పొర మీద లేజరు వేడితో గుర్తులు పెడతారు. అది వెలుతురును కాస్త తక్కువగా తిప్పి పంపుతుంది. అందుకే కొన్ని పాత ప్లేయర్లకు అది ఆనదు. చెరిపి మళ్లీ రాసే ఆర్‌డబ్ల్యూ రకం మరీ మసక. పాత ప్లేయర్లకు మైనస్ ఆర్ రకం సాధారణంగా నప్పుతుంది.

డిస్కును కంప్యూటర్‌లో తెరిచి చూడండి. "వీడియో టీఎస్" అనే ఫోల్డరు ఉంటే అది ప్లేయర్‌కు తెలిసిన పద్ధతే. ఉత్త ఎంపీ4 ఫైలు ఒక్కటే ఉంటే చాలా పాత ప్లేయర్లు దాన్ని చదవలేవు. దాన్ని "డీవీడీ వీడియో" పద్ధతిలోకి మార్చి కొత్త డిస్కు మీద రాయించాలి.

మరో లోపం ఫైనలైజ్ చేయకపోవడం. దస్తావేజు రాయించి రిజిస్ట్రేషన్ చేయించకుండా వదిలేసినట్లే ఇది. ఆ పని డిస్కును రాసిన యంత్రంలోనే చేయించడం మేలు.

మళ్లీ రాయించేటప్పుడు తొందర కూడదు. 16 రెట్ల వేగం అని రాసి ఉన్న డిస్కునైనా 4 లేక 8 రెట్ల వేగంతో రాయించి చూడండి. పాత ప్లేయర్లు అలా రాసిన డిస్కును చదివే అవకాశం ఎక్కువ.

వెంటనే చేయాల్సిన పని

ఎండకు, వేడికి డిస్కులోని రంగు పొర క్రమేణా పాడవుతుంది. రేకుల ఇంట్లో అటక మీద పెట్టిన డిస్కుకు ఆయుష్షు తక్కువే. పైగా ఇప్పుడు వచ్చే కొత్త ల్యాప్‌టాప్‌లలో డిస్కు పెట్టే అర ఉండడం లేదు. అర ఉన్న పాత కంప్యూటరు ఊళ్లో ఉండగానే డిస్కులోని ఫోల్డరు మొత్తాన్ని దించుకోవాలి. మామూలు డిస్కులో పట్టేది 4.7 గిగాబైట్లు. 8 గిగాబైట్ల పెన్‌డ్రైవ్‌లో అది హాయిగా ఇముడుతుంది. టీవీలో చూడడానికి ఎంపీ4గా మార్చిన ప్రతి ఒకటి వేరే పెట్టుకోవచ్చు.

పెన్‌డ్రైవ్ ఒక్కటే చాలనుకోవద్దు. అదీ పాడవుతుంది, పోతుంది. ఒక ప్రతి మీ ఇంట్లో, మరొకటి పుట్టింట్లోనో అన్నదమ్ముల ఇంట్లోనో ఉంచండి. అసలు డిస్కునూ పారేయకండి. పోయిన తాతయ్య నడక, మాట, నవ్వు ఉన్నది ఆ డిస్కులోనే. అది చదవగలిగినన్నాళ్లే వాటిని దించుకోగలం.