భీమిలి దాకా.. నడుచుకుంటూ!

వైజాగ్ ఆర్కే బీచ్ నుంచి భీమిలి దాదాపు 25 కిలోమీటర్లు. బైక్ మీద గంట పని. ‘ఈసారి నడుద్దాం’ అంది మా ఆవిడ. సరేనన్నా.

తొలిరోజు ఆరింటికే బయల్దేరాం. నాది పరుగులాంటి నడక. రుషికొండ చేరేసరికి తను బాగా వెనకబడింది. లాడ్జిలో కొత్త షూ విప్పితే మడమల నిండా బొబ్బలు! ‘ఆగమని రెండుసార్లు పిలిచా’ అంది. అలల హోరులో వినపడలేదన్నా. నిజానికి నా చెవుల్లో ఇయర్‌ఫోన్స్ ఉన్నాయి.

రెండోరోజు అవి బ్యాగులో పడేశా. తను చెప్పులేసుకుంది. నెమ్మదిగా తన అడుగులో అడుగేశా. మంగమారిపేటలో సముద్రం వెనక్కి తగ్గడంతో రాతి తోరణం చూశాం. ఎర్రమట్టి దిబ్బల దగ్గర కూర్చున్నప్పుడు, ఉద్యోగం మానేయాలనుందని మెల్లగా చెప్పింది. ఆర్నెల్లుగా మనసులో దాచుకున్న మాటట! గోస్తనీ నది సముద్రంలో కలిసే భీమిలిలో, ఆ రాత్రి లాడ్జిలో నిద్రపోలేదు.. ఈఎంఐల లెక్కలు వేసుకుంటూ కూర్చున్నాం.

మూడోరోజు బస్సెక్కాం. రెండు రోజుల దారి ఇట్టే అయిపోయింది. మీరూ వెళ్తారా? టోపీ, నీళ్లు, అలవాటైన షూ మర్చిపోవద్దు. ఇయర్‌ఫోన్స్ మాత్రం ఇంట్లోనే వదిలేయండి!