శిలాఫలకంపై ఆలస్యంగా చేరిన మాటలు

లండన్ నగరంలోని సెయింట్ మార్టిన్స్ ప్లేస్‌లో నర్సు దుస్తులతో నిలిచిన ఒక స్త్రీ విగ్రహం ఉంది. ఆమె ఎడిత్ కావెల్. విగ్రహం వెనుకనున్న రాతి స్తంభంపై ‘రాజు కొరకు, దేశము కొరకు’ అని చెక్కారు. కింద ఆమె పేరు, మరణ తేదీ తరువాత మరో మాట కనబడుతుంది: దేశభక్తి మాత్రమే చాలదు, ఎవరిమీదా నాకు ద్వేషం గాని కక్ష గాని ఉండకూడదు. 1920లో విగ్రహాన్ని ఆవిష్కరించిన రోజున ఈ రెండవ మాట అక్కడ లేదు.

ఎడిత్ 1865లో ఇంగ్లాండ్‌లోని నార్‌ఫోక్ ప్రాంతంలో ఒక పాస్టరుగారి కుమార్తెగా పుట్టారు. లండన్ హాస్పిటల్‌లో నర్సింగ్ నేర్చుకున్నారు. 1907లో డాక్టర్ ఆంట్వాన్ దెపాజ్ తన కొత్త నర్సింగ్ స్కూలు బాధ్యత అప్పగించడానికి ఆమెను బెల్జియం రాజధాని బ్రస్సెల్స్‌కు పిలిపించారు. అప్పట్లో అక్కడ రోగుల సేవ ఎక్కువగా కన్యస్త్రీలు చేసేవారు. మర్యాదస్తుల ఇంటి ఆడపిల్ల జీతానికి పనిచేయడం నామోషీ. (మన ప్రాంతాల్లోనూ నర్సు ఉద్యోగాన్ని అలా చూసిన రోజులు పెద్దవారికి గుర్తుండే ఉంటాయి.) ఆ పరిస్థితిలో ఆమె స్కూలును నిలబెట్టారు, నర్సుల కోసం ఒక పత్రిక కూడా మొదలుపెట్టారు.

1914 ఆగస్టులో యుద్ధం వచ్చేసరికి ఆమె ఇంగ్లాండ్‌లో తల్లి దగ్గర ఉన్నారు. అక్కడే ఉండిపోతే తప్పుపట్టేవారు లేరు. వెంటనే బ్రస్సెల్స్‌కు తిరిగి వెళ్లారు. స్కూలు రెడ్ క్రాస్ ఆసుపత్రిగా మారింది. నగరం జర్మన్ సైన్యం వశమైంది. గాయపడినవాడు ఏ దేశస్థుడైనా, జర్మనువాడైనా సరే, ఒకే విధంగా సేవ చేయాలని ఆమె తన నర్సులకు చెప్పారు. అదే సమయంలో, వెనుక చిక్కుకుపోయిన మిత్రపక్ష సైనికులను దాచిపెట్టి సరిహద్దు దాటించి హాలెండ్ చేర్చడానికి సహాయపడ్డారు. అలా సుమారు 200 మంది తప్పించుకున్నారు. 1915 ఆగస్టు 5న ఆమెను అరెస్టు చేశారు. విచారణలో ఆమె చేసిన పనిని కాదనలేదు. అది తెలివితక్కువతనం అన్నవారున్నారు. నాకైతే అలా అనిపించదు.

అక్టోబరు 11 రాత్రి ఆంగ్లికన్ చాప్లిన్ స్టిర్లింగ్ గాహన్ జైలు గదికి వచ్చి ఆమెకు ప్రభు సంస్కారమిచ్చారు. దేశభక్తి చాలదన్న ఆ మాట ఆమె ఆయనతో అన్నదే. మర్నాటి ఉదయం ఆమెను కాల్చి చంపారు.

తరువాత జరిగింది ఆలోచించదగినది. ఆమె మరణాన్ని బ్రిటన్ పోస్టర్లలో వాడుకుంది. యువకుల్లో కోపం రగిలించి సైన్యంలో చేర్చుకుంది. ఎవరినీ ద్వేషించకూడదన్న స్త్రీ పేరుమీద ద్వేషాన్ని పెంచారు! యుద్ధం ముగిశాక కూడా, విగ్రహం నిలబెట్టినవారు రాజును, దేశాన్ని స్మరించారు గాని ఆమె చివరి మాటను చెక్కలేదు. జాతీయ మహిళా మండలి పట్టుబట్టి అడిగాక, 1924లో ప్రభుత్వం దానిని చేర్చింది. పైనున్న మాటను మాత్రం తీసివేయలేదు.

మన చర్చి గోడలమీది శిలాఫలకాలలో ప్రారంభించినవారి పేర్లు, చందాదారుల పేర్లు తప్పకుండా ఉంటాయి. ఆ సంఘంలో సేవచేసి నిద్రించినవారు ఏమి నమ్మారో, ఏమి చెప్పారో చెక్కినవి నేను చూసింది తక్కువే.

ఇంగ్లాండ్ చర్చి ఏటా అక్టోబరు 12న ఆమెను స్మరిస్తుంది. దానికి దగ్గరి ఆదివారం మన సంఘంలోని నర్సు అక్కచెల్లెళ్ల కోసం ప్రార్థించేవారు, 1924లో చేర్చిన ఆ మాటను కూడా వినిపించవచ్చు.