మాటిమాటికీ జబ్బు ఎందుకు?

పిల్లలకు జలుబు చేస్తుంది. జ్వరం వస్తుంది. నాలుగు రోజులుండి తగ్గిపోతుంది. ఇది అన్ని ఇళ్లల్లో ఉండేదే. కాని కొందరికి ఒకటి తగ్గేలోగా ఇంకొకటి వస్తుంది. ఇవాళ చెవిలో చీము. వచ్చే నెల నిమోనియా. ఆ తర్వాత సెగగడ్డలు. బిడ్డ బరువు పెరగడు. "దిష్టి తగిలింది" అంటారు. పాపం, తల్లినే ఆడిపోసుకుంటారు.

చేనుకు కావలి ఉన్నట్టు మన ఒంటికీ కావలి ఉంది. రక్తంలోని తెల్లకణాలే ఆ కావలి. కొందరికి ఇది పుట్టుకతోనే సరిగా ఉండదు. ఇది అంటువ్యాధి కాదు. ఎయిడ్స్ అంతకన్నా కాదు.

1952లో అమెరికాలో బ్రూటన్ అనే డాక్టరు ఎనిమిదేళ్ల బాబును చూశారు. నాలుగేళ్లుగా వాడికి ప్రాణం మీదకొచ్చే జ్వరాలు. రక్తం పరీక్ష చేస్తే, రోగంతో పోరాడే గామా గ్లోబులిన్ అందులో లేనేలేదు! ఇతరుల రక్తం నుంచి తీసిన ఆ పదార్థాన్ని నెలనెలా సూదిమందుగా ఇచ్చారు. బాబు తేరుకున్నాడు.

ఈ రకం లోపం దాదాపు మగపిల్లలకే వస్తుంది. తల్లి ఆరోగ్యంగానే ఉంటుంది. ఆమె నుంచి కొడుకుకు వస్తుంది. అది ఆమె తప్పు కాదు. కడుపులో ఉండగా తల్లి ఇచ్చిన రక్షణ కొన్ని నెలలు కాస్తుంది. ఆరు నెలలు దాటాక జబ్బులు మొదలవుతాయి. మేనమామలు ఎవరైనా పసితనంలోనే పోయారా? ఆ సంగతి డాక్టరుకు చెప్పాలి. ఎప్పటి మాటో అని ఊరుకోకూడదు.

కొన్ని లోపాలు ఆడపిల్లలకూ వస్తాయి. తల్లిలో, తండ్రిలో దాగి ఉండి బిడ్డలో బయటపడతాయి. మేనరికాల్లో ఇవి ఎక్కువ. లోపం మరీ గట్టిదైతే మొదటి నెలల్లోనే విరేచనాలు పట్టుకుంటాయి. నోట్లో తెల్లపూత పోదు. అలాంటి బిడ్డకు బి.సి.జి. టీకా కూడా ప్రమాదమే. ముందు బిడ్డ ఇలా పోయి ఉంటే టీకాకు ముందే చెప్పాలి. మిగతా పిల్లలకు మాత్రం టీకాలు మానకూడదు.

పెద్దయ్యాక, ఇరవై ముప్పై ఏళ్లకు బయటపడే రకమూ ఉంది. మాటిమాటికీ నిమోనియా, తగ్గని దగ్గు, కళ్లె. టి.బి. అనుకుంటారు. టి.బి. పరీక్ష చేయించుకోవాల్సిందే. అది కాదని తేలినా జబ్బు తిరగబెడుతుంటే, గామా గ్లోబులిన్ పరీక్ష గురించి డాక్టరును అడగాలి.

సూదిమందు ఖరీదైనదే. చాలామందికి జీవితాంతం కావాలి. గట్టి లోపమున్న పసివాళ్లకు ఎముక మూలుగ మార్పిడి చేస్తారు. ఇవి పెద్దాసుపత్రుల్లోనే జరుగుతాయి. వెళ్లేటప్పుడు పాత మందుచీటీలన్నీ పట్టుకెళ్లాలి.