నీటిని చీల్చే పక్షి

కాకినాడ వద్ద, గోదావరి పాయలు సముద్రంలో కలిసే ప్రాంతాన, శీతకాలంలో ఇసుక దిబ్బలపై పక్షులు గుంపులు గుంపులుగా వాలుతాయి. దూరం నుండి చూచే మనకు అవన్నీ ఒకే జాతివిగా తోచును. వాటిలో అరుదైన ఒక పక్షిని గుర్తించే విధమును ఇచ్చట వివరింపదలచినాము. అది ఇండియన్ స్కిమ్మర్. హిందీలో దీనిని పన్‌చీరా అంటారు. అనగా నీటిని చీల్చునది. ఉర్దూ చదివే మన మిత్రులకు ఈ పేరు విడమరచి చెప్పనక్కరలేదు.

ఈ పక్షి సుమారు 40 సెంటీమీటర్ల పొడవుంటుంది. నడినెత్తి, వీపు నలుపు, నుదురు, మెడ, పొట్ట తెలుపు, కాళ్లు ఎరుపు. కాని రంగులను మాత్రమే నమ్మినచో పొరపడే అవకాశం కలదు. అదే దిబ్బపై వాలే టెర్న్ పక్షులలోను నల్లని నెత్తి కలవి ఉన్నాయి. అయితే వాటి వీపు బూడిద వన్నె. పన్‌చీరా ముక్కు నారింజ వన్నె, కొన పసుపు. ముక్కు క్రింది భాగం పై భాగం కంటె పొడవు. ఈ ఒక్క గుర్తు చాలును.

వింతగా కనిపించే ఆ ముక్కే దానికి జీవనాధారం. టెర్న్ పైనుండి నీటిలోనికి దూకి చేపను పట్టును. పన్‌చీరా దూకదు. నోరు తెరచి, ముక్కు క్రింది భాగాన్ని నీటిలో ముంచి, నాగలి చాలు తీసినట్లు నీటిని కోసుకొంటూ ఎగురుతుంది. చేప తగిలిన క్షణాన పై భాగం మూసుకొనును. చూపు కంటె స్పర్శయే ప్రధానం గనుక మునిమాపు వేళ, రాత్రియందు సైతం వేటాడగలదు. ఇందుకు అలలు లేని నీరు కావలెను. హోప్ ఐలండ్ ఇసుక తిన్నె అడ్డుగా ఉన్న కాకినాడ అఖాతంలో అట్టి నీరు లభిస్తుంది.

వేసవి నాటికి ఇవి చంబల్, మహానది వంటి నదుల ఇసుక లంకలకు చేరి గ్రుడ్లు పెడతాయి. ఇసుకలో చిన్న గుంటయే గూడు. ఆనకట్టల నుండి హఠాత్తుగా నీరు వదలిన గూళ్లు మునుగును. నీరు మరీ తగ్గిన లంక ఒడ్డుతో కలిసి కుక్కలకు దారి యగును. ప్రపంచంలో ఎదిగిన పన్‌చీరాలు 3,000 లోపేనని అంచనా. 2020లో దీనిని అంతరించే ప్రమాదమున్న జాతిగా అంతర్జాతీయంగా ప్రకటించినారు.

ఇంత తక్కువ సంఖ్యలో ఉన్నప్పుడు, ఒక్క గుంపును టెర్న్‌లని పొరపడి వ్రాసినను లెక్క తప్పును. కనుక తీరానికి వెళ్లిన విద్యార్థులు దిబ్బపైకి నడిచి పక్షులను లేపక, దూరం నుండి ముక్కును పరిశీలించి, తేదీ, స్థలం, సంఖ్య వ్రాసుకొనవలెనని మా మనవి.