స్టీరింగు బాక్సులో బిగువు ఎంత ఉండవలెను?

తిన్నని రోడ్డుపై పోవు లారీ ఒక్కొక్కప్పుడు ఇటునటు జరుగుచుండును. డ్రైవరు క్షణక్షణము దానిని సరిదిద్దుకొనవలసి వచ్చును. స్టీరింగు కొంత తిరిగినను ముందుచక్రములు కదలకుండుట దీనికి సాధారణమైన కారణము. ఈ వృథా కదలికను మెకానిక్కులు 'ప్లే' అందురు.

ఇది ఎంత ప్రమాదకరమో చిన్న లెక్కవలన తెలియును. స్టీరింగు సుమారు 20 డిగ్రీలు తిరిగినచో ముందుచక్రములు 1 డిగ్రీ తిరుగు లారీని తీసికొందము. అందు 20 డిగ్రీల ప్లే ఉన్నచో, స్టీరింగు కదలకున్నను చక్రములు 1 డిగ్రీ మేర తమంత తాము తిరుగగలవు. ముందువెనుక ఇరుసుల మధ్య 5 మీటర్ల దూరము గల లారీ గంటకు 60 కిలోమీటర్ల వేగముతో పోవునపుడు, ఆ 1 డిగ్రీవలన ఒక్క సెకనులో సుమారు అర మీటరు ప్రక్కకు జరుగును. ఎదుట బస్సు వచ్చు ఇరుకు రోడ్డుపై అర మీటరు తక్కువ దూరము కాదు.

స్టీరింగు బాక్సులోపల మరచుట్లుగల కడ్డీపై ఒక నట్టు నడచును. రెండింటి గాడుల నడుమ ఉక్కు గుండ్లు దొర్లుటచే రాపిడి తగ్గును. నట్టుపై గల పండ్లు సెక్టారు షాఫ్టు పండ్లతో కలిసి దానిని త్రిప్పును. ఆ షాఫ్టు డ్రాప్ ఆర్మును, డ్రాప్ ఆర్ము కడ్డీల ద్వారా చక్రములను కదల్చును. పండ్ల మధ్య సందును సవరించుటకు బాక్సుపై ఒక స్క్రూ, అది కదలకుండ లాక్ నట్టు ఉండును.

అయితే వెంటనే స్క్రూపై చేయి వేయరాదు. ముందు టైర్ల గాలి, కింగ్ పిన్నులు, టై రాడ్డు, డ్రాగ్ లింకుల జాయింట్లు చూడవలెను. ఒకరు స్టీరింగును మెల్లగా కుడియెడమలకు కదుపుచుండగా, మరియొకరు ఏ జాయింటు దగ్గర కదలిక ఆగిపోవుచున్నదో కనిపెట్టవలెను. డ్రాప్ ఆర్ముకూడ ఆలస్యముగా కదలినచో దోషము బాక్సులోనిదని తలంపవచ్చును.

పండ్లు చక్రములు తిన్నగా ఉన్నపుడు మిక్కిలి దగ్గరగను, ప్రక్కకు తిరిగినపుడు కొంచెము సందుతోను ఉండునట్లు తయారు చేయబడును. కనుక సవరణ చక్రములు తిన్నగా ఉన్నపుడే చేయవలెను. ప్రక్కకు తిప్పియుంచి సందు తీసివేసినచో, తిన్నగా వచ్చునప్పటికి పండ్లు బిగుసుకొనును. లాక్ నట్టు వదులుచేసి, స్క్రూను కొద్దికొద్దిగా త్రిప్పి, తయారీదారు పుస్తకములో చెప్పిన బిగువు వచ్చినంతనే ఆపవలెను. స్క్రూ కదలకుండ పట్టుకొని లాక్ నట్టును మరల బిగింపవలెను.

ప్లే బొత్తిగా పోవువరకు బిగించుట మేలని కొందరి భ్రమ. మలుపు తిరిగిన పిదప చక్రములు తమంత తాము తిన్నగా వచ్చుటకు కింగ్ పిన్ను వాలు తోడ్పడును. బాక్సు అతిగా బిగిసినచో ఆ రాక ఆగిపోవును. లారీ మరల ఇటునటు జరుగును. ప్లేవలన కలిగిన దోషమే బిగువు వలనను కలుగును. దానిని చూచి ఇంకను బిగించుటవలన పండ్లు చెడును.

నూనె పీడనము సహాయపడు పవర్ స్టీరింగు బాక్సులలోను సూత్రము ఇదే. సవరణ కొలతలు మాత్రము వేరు. మధ్యలో సరిచేయగా మలుపులలో పట్టుకొనుచున్నచో, పండ్లు మధ్యలో అరిగినవని గ్రహించి బాక్సును విప్పించవలెను. సవరణ అయిన పిదప లారీని ఖాళీ స్థలములో మెల్లగా నడిపి, మలుపునుండి స్టీరింగు తనంత తాను మరలి వచ్చుచున్నదని చూచుకొన్న తరువాతనే రోడ్డుపైకి తీసికొనిపోవలెను.