క్రొత్త క్లచ్, పాత తిప్పలు

హైదరాబాదు పాతబస్తీలో అద్దెకారు గాని, సరుకుల వ్యాను గాని నడుపువారి ఎడమకాలికి విశ్రాంతి లేదు. నయాపూల్ దాటి మదీనా కూడలి చేరులోపల క్లచ్ పెడలు ఎన్నిమార్లు త్రొక్కవలెనో లెక్కపెట్టుట కష్టము. ఇట్టి బండ్లలో క్లచ్ త్వరగా అరుగుట సహజమే. యజమాని బజారులో వేరొక కంపెనీవారు చేసిన క్లచ్ సెట్టును, ఫ్లైవీలును కొని మెకానిక్కు చేత బిగింపించును. రెండు దినములు గడువకముందే గేరు పడనని మొరాయించును. లేదా బండి కదలునపుడు గడగడ వణకును. మాలు నకిలీదని ఒకరు, పని సరిగా చేయలేదని ఇంకొకరు వాదించుకొందురు. మరల గేరుబాక్సు దించవలసినచో ఒకనాటి సంపాదన పోవును. కూలి రెండవసారి చెల్లించవలెను. గేరుబాక్సు దించకముందే దోషమెక్కడ నున్నదో కనుగొనుటకు వీలున్నదా? చాలవరకు ఉన్నది.

క్లచ్ చేయు పనులు రెండే: పట్టుట, విడుచుట. ఇంజను వెనుక బిగించిన ఫ్లైవీలు అను బరువైన చక్రము ఇంజనుతోపాటు తిరుగుచుండును. గేరుబాక్సు ఇరుసుపై నున్న క్లచ్ ప్లేటును, ప్రెషర్ ప్లేటులోని స్ప్రింగు ఈ ఫ్లైవీలుకు అదిమిపెట్టును. అపుడు మూడును ఒక్కటై తిరుగును. పెడలు త్రొక్కినచో రిలీజ్ బేరింగు స్ప్రింగును నొక్కును. ప్రెషర్ ప్లేటు కొంచెము వెనుకకు జరుగును. నడుమ నున్న ప్లేటుకు స్వేచ్ఛ కలుగును. 1932 జూన్‌లో నిజాం రాష్ట్ర రైల్వేవారు 27 బస్సులతో రోడ్డు సర్వీసు ప్రారంభించిరి. ఆనాటి బస్సుకైనను, నేటి కారుకైనను క్లచ్ పనులు ఈ రెండే. కావున మొదట అడుగవలసిన ప్రశ్న ఇది: క్లచ్ పట్టుట లేదా, విడుచుట లేదా? ఈ రెంటిని కలగాపులగము చేసినందువలననే అనేక గేరుబాక్సులు వృథాగా దించబడుచున్నవి.

పట్టు చాలనపుడు క్లచ్ జారును. ఫలక్‌నుమా వంతెన ఎక్కునపుడు ఇంజను రొద పెరుగును గాని బండి వేగము పెరుగదు. ఖాళీ రోడ్డుపై నాలుగవ గేరులో నెమ్మదిగా పోవుచు యాక్సిలరేటరును పూర్తిగా త్రొక్కినచో ఈ లక్షణము స్పష్టముగా బయటపడును. ఒక చిన్న లెక్క వేసి చూతము. ప్లేటుకు ఘర్షణ తలములు రెండు. ఘర్షణ గుణకము 0.3 అనియు, స్ప్రింగు అదుము బలము 3,500 న్యూటనులనియు, తలముల సగటు వ్యాసార్ధము 8 సెంటీమీటర్లనియు అనుకొనుడు. అపుడు క్లచ్ భరింపగల త్రిప్పుబలము 2 × 0.3 × 3,500 × 0.08, అనగా 168 న్యూటను-మీటర్లు. ఇంజను ఇచ్చునది 100 మాత్రమే అయినచో భయము లేదు. కాని క్రొత్త ఫ్లైవీలుకు త్రుప్పు పట్టకుండ నూనె పూసి అమ్ముదురు. దానిని తుడువక బిగించిరి. లేదా ఇరుసు గాళ్లలో గ్రీజు అతిగా పూసిరి. తిరుగునపుడు అది ప్లేటుపై చిమ్మినది. గుణకము 0.15కు దిగినదనుకొందము. పట్టు 84 మాత్రమే! ఇంజను గెలుచును, క్లచ్ ఓడును. గుడ్డపేలికతో పోవలసిన దోషమునకు నకిలీ మాలని పేరు వచ్చును.

అయినను పెడలుకు ఉండవలసిన కొద్దిపాటి వదులు ఉన్నదో లేదో ముందు చూడవలెను. కేబులు బిగువుగా నున్నచో, కాలు తీసినను బేరింగు స్ప్రింగును కొంత నొక్కుచునే యుండును. ఈ సవరణకు గేరుబాక్సు దించనక్కరలేదు.

విడువని క్లచ్ లక్షణములు వేరు. హ్యాండుబ్రేకు వేసి, ఇంజను నెమ్మదిగా తిరుగుచుండగా పెడలు పూర్తిగా త్రొక్కి, ఐదారు సెకండ్లు ఆగి రివర్సు గేరు వేయుడు. గేరు పండ్లు గరగరలాడినచో లోపల ప్లేటు ఇంకను తిరుగుచున్నదన్నమాట. ఇంజను ఆపినపుడు కూడ గేర్లు పడనిచో, క్లచ్‌ను విడిచి గేరుకడ్డీ లంకెలను పరీక్షింపవలెను. పెడలును గబగబ నాలుగైదు మార్లు త్రొక్కిన పిమ్మట గేరు పడినచో ద్రవపు గొట్టములో గాలి చేరినదేమోనని అనుమానింపవచ్చును. ద్రవము నొక్కినను దాదాపు కుంచించుకొనదు, గాలి కుంచించుకొనును, కాలి శ్రమ గాలిని నొక్కుటకే ఖర్చగును. గాలి తీసివేసినను, కేబులు సవరించినను గుణము కనబడనపుడే లోపలి దోషములను తలపవలెను: ప్లేటు తిరగవేసి బిగించుట, బిగించునపుడు గేరుబాక్సు బరువంతయు ప్లేటుపై వ్రేలాడి అది వంగుట, ఇరుసు కొననున్న చిన్న బేరింగు పట్టివేయుట.

బండి కదలునపుడు మాత్రమే వణకినచో తలములపై జిడ్డుగాని, ఫ్లైవీలు ముఖము సమముగా లేకపోవుటగాని కారణము కావచ్చును. ఇంజను మౌంటింగులు సడలినను ఇట్లే వణకును; వానిని పైనుండియే చూడవచ్చును. అసలు ఫ్లైవీలుకన్న తేలికయైనది వేసినచో జడత్వము తగ్గి, బండి కదలించునపుడు ఇంజను సులభముగా ఆగిపోవును. కొన్ని బండ్లకు రెండు భాగములుగా చేసి నడుమ స్ప్రింగులమర్చిన ఫ్లైవీలు ఉండును. దాని బదులు ఒకే ముద్దగా నున్న చౌక ఫ్లైవీలు వేసినచో, న్యూట్రలులో గేరుబాక్సు గలగలలాడును. పెడలు త్రొక్కగనే ఆగును. క్లచ్ చెడినందువలన వచ్చు శబ్దము కాదిది. ఇంజను అదురులను మ్రింగు స్ప్రింగులు పోయినందువలన వచ్చునది. త్రొక్కినపుడే శబ్దము వచ్చినచో రిలీజ్ బేరింగును అనుమానింపవలెను.

క్రొత్త ప్లేటుకు వేడి పెద్ద శత్రువు. 1,000 కిలోగ్రాముల కారును నిలిచిన చోటినుండి గంటకు 9 కిలోమీటర్ల వేగమునకు తెచ్చుటకు సుమారు 3,125 జౌళ్ల గతిజశక్తి కావలెను. ఆ కొద్దిసేపు ఇంజను ఒకే వేగమున తిరిగినచో, జారు క్లచ్‌లో సరిగా అంతే శక్తి వేడిగా మారును. నూరుమార్లు ఆగి కదలినచో 3,12,500 జౌళ్లు: ఒక లీటరు నీటిని 25 డిగ్రీలనుండి మరుగు స్థితికి తేగల వేడి! చార్మినారు చాయ్‌దుకాణమునకు పనికివచ్చు వేడిని క్లచ్ వృథాగా భరించుచున్నది. హాఫ్ క్లచ్‌పై ఆనించి నిలుపువారి బండిలో ఇది మరింత పెరుగును. తలములు ఒకదానికొకటి ఒదుగుటకు కొన్ని వందల కిలోమీటర్ల నడక పట్టును; అంతవరకు ఎక్కువ బరువు వేయక, జారనీయక నడుపవలెను.

ఇన్ని పరీక్షల పిమ్మటను దించక తప్పనపుడు, క్రొత్త ప్లేటు వ్యాసమును, గాళ్ల సంఖ్యను పాతదానితో సరిచూడవలెను. మెట్టు గల ఫ్లైవీలైనచో ఆ మెట్టు లోతును కూడ కొలువవలెను. ఘర్షణ ముఖమును మాత్రమే సానపట్టించినచో లోతు పెరిగి అదుము బలము తగ్గును. లోపలి ధూళిని గాలిపంపుతో ఊదరాదు. పాత ప్లేట్ల పూతలో ఆస్బెస్టాసు ఉండవచ్చును; దాని నూగు ఊపిరితిత్తులకు హానికరము. తడిగుడ్డతో తుడిచి, ఆ గుడ్డను సంచిలో మూటకట్టి పారవేయవలెను.