తొడ మీద పడే దెబ్బ

1988 నవంబరులో లాస్ వేగాస్‌లో జరిగిన కిక్‌బాక్సింగ్ పోటీలో అమెరికన్ రిక్ రూఫస్ మొదటి రౌండ్‌లోనే థాయ్ యోధుడు చాంగ్‌పుయెక్ కియత్‌సోంగ్రిత్‌ను రెండుసార్లు కింద పడగొట్టాడు. దవడ కూడా విరగ్గొట్టాడు. చాంగ్‌పుయెక్ లేచి, రూఫస్ తొడల మీద కాలితో కొట్టసాగాడు. మళ్లీ మళ్లీ అక్కడే. నాలుగో రౌండ్‌కల్లా రూఫస్ కాళ్లు నిలవలేదు, పోటీ ఆపేశారు. నడుము కింద కొట్టకూడదన్న నియమంతో పెరిగిన అమెరికన్ ఆటగాడికి ఆ దెబ్బ కాచుకోవడమే తెలియదు.

ఏ యుద్ధవిద్యలో కిక్ గట్టిదన్న వాదన ఎప్పటికీ తెగకపోవడానికి కారణం ఇలా ఒక్కో ఆట నియమం ఒక్కోలా ఉండటమే. మనిషి బరువులో ఒక్కో కాలు దాదాపు ఆరో వంతు, చెయ్యి ఇరవయ్యో వంతు. అందుకే ఎవరి కాలైనా బరువైన ఆయుధమే. దాన్ని ఎలా విసురుతారు, ఎక్కడ తగిలిస్తారు అన్నది మాత్రం ఆట నియమాలు నేర్పుతాయి.

తైక్వాండోలో ముందు మోకాలు లేస్తుంది, ఆపైన మోకాలి కింది భాగం కొరడాలా విచ్చుకుంటుంది, పాదం తగిలీ తగలగానే వెనక్కి వచ్చేస్తుంది. పారిస్ ఒలింపిక్స్‌లో తలకు తగిలిన మామూలు కిక్‌కు 3 పాయింట్లు, ఒంటికి 2, గుద్దుకు ఒక్కటే. నడుము కింద కొడితే తప్పు. ఇలాంటి ఆటలో కాలు వేగంగా, ఎత్తుగా లేవడం నేర్చుకోక ఏం చేస్తుంది?

ముయే థాయ్ కిక్ అంత అందంగా ఉండదు, నిజమే. అందులో తగిలేది పాదం కాదు, మోకాలి కింద ముందువైపుండే గట్టి ఎముక. ఆనిన కాలి మునివేళ్ల మీద ఒళ్లంతా తిరుగుతుంది, తుంటి బరువు తోడవుతుంది, కాలు ఎదుటివాడి తొడలోంచి దూసుకుపోవాలన్నట్టు వస్తుంది. దెబ్బకూ తొడ ఎముకకూ మధ్య కండ నలుగుతుంది. నాలుగైదు పడ్డాక ఆ కాలు మీద బరువు మోపడమే కష్టం. తలకు తగిలే కిక్ చూడ్డానికి గొప్పే. 2012లో రియోలో జరిగిన మిక్స్‌డ్ మార్షల్ ఆర్ట్స్ పోటీలో ఎడ్సన్ బార్బోజా గిర్రున తిరిగి మడమతో కొట్టిన దెబ్బకు టెర్రీ ఎటిమ్ నిలువునా కూలిపోయాడు. కానీ అలాంటి అవకాశం ఎప్పుడో గాని దొరకదు. తొడ ఎప్పుడూ అందుబాటులోనే ఉంటుంది.

దీనికి విరుగుడూ కాలే. కిక్ వచ్చేటప్పుడు మోకాలు ఎత్తి అడ్డం పెడితే, కొట్టినవాడి ఎముకే దాన్ని గుద్దుకుంటుంది. అదే మిక్స్‌డ్ మార్షల్ ఆర్ట్స్‌లో, 2013 డిసెంబరులో క్రిస్ వైడ్‌మన్ అలా అడ్డుకున్నప్పుడు ఆండర్సన్ సిల్వా కాలు విరిగింది. 2021 ఏప్రిల్‌లో యురయా హాల్ మీద వైడ్‌మన్ విసిరిన మొదటి కిక్‌కే, ఈసారి వైడ్‌మన్ కాలే అలా విరిగింది.